ఆరు నెలలు కదలని జనరేటరు లేవనంటే

వేసవి ప్రయాణాల కాలం దగ్గర పడుతున్నందున, ఈ నెల మన శీర్షికకు వచ్చిన ప్రశ్నలలో చాలా వరకు మోటర్‌హోమ్‌లలోని, అంటే లోపలే ఇల్లులా అమర్చుకున్న బండ్లలోని, జనరేటర్ల గురించే ఉన్నాయి. ఎక్కువ ఉత్తరాలు అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు రాసినవి. ఒకటి హైదరాబాదు నుండి, మరొకటి విజయవాడ నుండి వచ్చాయి. మొదటి ఉత్తరంలోని ఇబ్బందినే మరికొందరు పాఠకులు కూడా వేర్వేరు మాటలలో రాశారు కనుక దానికి వివరంగా సమాధానం ఇస్తున్నాను.

ప్రశ్న: మేమూ మా బావగారి కుటుంబమూ కలిసి రెండేళ్ల క్రితం ఒక పాత మోటర్‌హోమ్ కొన్నాము. అందులో ఓనన్ కంపెనీవారి 4000 వాట్ల పెట్రోలు జనరేటరు ఉంది. గత అక్టోబరులో చివరిసారి వాడి, బండిని కప్పి ఉంచాము. ఈ నెలలో స్టార్ట్ చేస్తే ఇంజను అందుకుంటున్నది గాని, పది పదిహేను సెకన్లు ఎగుడుదిగుడుగా రొద చేసి ఆగిపోతున్నది. ఆ తరువాత స్విచ్చులోని దీపం మూడేసిసార్లు వెలిగి ఆరుతున్నది. వర్క్‌షాపులో చూపిస్తే జనరేటరును అదుపుచేసే ఎలక్ట్రానిక్ కంట్రోల్ బోర్డు పోయిందని చెప్పి పెద్ద అంచనాయే రాసి ఇచ్చారు. జూలైలో గుంటూరు నుండి మా అత్తగారు, మామగారు వస్తున్నారు. వారిని యెల్లోస్టోన్ జాతీయ పార్కుకు తీసుకువెళ్లాలని అనుకుంటున్నాము. బోర్డు మార్పించమంటారా?
– ఒక పాఠకుడు, ఫ్రిస్కో, టెక్సస్

సమాధానం: ఇప్పుడే మార్పించవద్దు. మీరు రాసిన లక్షణాలన్నీ పెట్రోలు సరిగా అందని ఇంజను లక్షణాలు. బోర్డు పాడవటం అసాధ్యమని నేను అనటం లేదు. కానీ ఆరు నెలలు కదలకుండా ఉన్న జనరేటరు విషయంలో బోర్డును అనుమానించటం అన్ని పరీక్షలూ అయిన తరువాత చేయవలసిన పని. మీ వర్క్‌షాపువారు ఆ పరీక్షలు చేసినట్లు మీ ఉత్తరంలో ఎక్కడా కనబడలేదు.

ముందుగా యంత్రం ఏమి చెబుతున్నదో పూర్తిగా చదవండి. మూడుసార్లు వెలిగి ఆరటమంటే లోపం ఉన్నదని మాత్రమే అర్థం. ఆ లోపమేమిటో చెప్పే రెండంకెల సంఖ్య ఇంకా లోపలే ఉంది. దీపం అలా మినుకుతూ ఉండగా స్టాప్ బటన్‌ను ఒక్కసారి నొక్కి వదిలితే ఆ రెండంకెల సంఖ్య మొదలవుతుంది. మూడుసార్లు మినికి, కొద్దిగా ఆగి, ఆరుసార్లు మినికి, ఆ పైన ఎక్కువసేపు ఆగితే అది 36 అన్నమాట. దీపం అయిదు నిమిషాల తరువాత ఆగిపోతుంది కనుక కాగితమూ కలమూ దగ్గర ఉంచుకోండి. ఆగిపోయినా, స్టాప్ బటన్‌ను అయిదు సెకన్ల లోపల మూడుసార్లు నొక్కితే మళ్లీ మొదలవుతుంది.

మీకు 36 వస్తుందనే నా అంచనా. తాను ఆపమని చెప్పకుండానే ఇంజను తనంతట తాను ఆగిపోయిందని బోర్డు ఇస్తున్న వాంగ్మూలమే ఆ సంఖ్య. నిజం చెబుతున్న సాక్షినే దోషిగా నిలబెట్టి కొత్తది వేయిస్తే, కొత్త బోర్డు కూడా అదే 36ను చూపిస్తుంది. అలా డబ్బు పోగొట్టుకున్నవారి ఉత్తరాలు చదివినప్పుడల్లా నాకు ఎంతో బాధ కలుగుతుంది. ఒకవేళ 27 వస్తే దారి వేరు. తయారవుతున్న వోల్టేజీ బోర్డుకు కనబడటం లేదని దాని అర్థం. అప్పుడు తిరిగే భాగంపై ఉన్న స్లిప్ రింగులను, వాటిని ఒరుసుకుంటూ ఉండే కార్బన్ బ్రష్షులను చూడాలి. నెలల తరబడి తిరగని రింగుల మీద పలుచని పొర ఏర్పడి, బ్రష్షు తాకుతున్నా కరెంటు దాటదు. అక్కడ కూడా బ్రష్షులను, వైండింగుల నిరోధాన్ని కొలిచిన తరువాతే బోర్డు వంతు వస్తుంది.

సంఖ్య 36 అయితే మీ చేతనే అయ్యే పనులు కొన్ని ఉన్నాయి. బండి ట్యాంకులో పెట్రోలు పావు వంతుకు మించి ఉన్నదో లేదో చూడండి. జనరేటరుకు వెళ్లే గొట్టాన్ని ట్యాంకు అడుగు దాకా దించరు. జనరేటరు గంటల తరబడి నడిచినా, ఆ తరువాత బండిని పెట్రోలు బంకు దాకా నడుపుకోవటానికి కొంత మిగలాలని అలా చేస్తారు. ముల్లు పావు దగ్గర ఉంటే బండి హాయిగా నడుస్తుంది, జనరేటరు మాత్రం గాలి పీల్చి ఆగిపోతుంది. తరువాత ఆయిలు మట్టం, గాలి ఫిల్టరు చూడండి. బ్యాటరీ టెర్మినళ్లను విప్పి, పచ్చగానో తెల్లగానో పట్టిన చిలుమును గీకి బిగించండి. జనరేటరు నుండి బండి ఛాసిస్‌కు వెళ్లే ఎర్త్ తీగ బోల్టును కూడా అలాగే శుభ్రం చేయండి.

ఆ తరువాత స్టాప్ బటన్‌ను మూడు సెకన్లకు మించి నొక్కి పట్టుకోండి. దీపం నిలకడగా వెలిగి, లోపలి పెట్రోలు పంపు చప్పుడు వినిపించాలి. పంపును అలా అర నిమిషం నడిపి స్టార్ట్ చేసినప్పుడు ఇంజను మునుపటి కంటె ఎక్కువసేపు నడిచి ఆగితే, పెట్రోలు దారిలోనే అడ్డు ఉన్నదని అనుమానం బలపడుతుంది. ట్యాంకు నుండి వచ్చే రబ్బరు గొట్టాన్ని కూడా వేళ్లతో వంచి చూడండి. పాత బండ్లలో అది పైకి బాగానే కనిపించినా, వంచితే సన్నని పగుళ్లు నోరు తెరుస్తాయి. ఆ పగుళ్ల గుండా పంపు పెట్రోలుకు బదులు గాలిని లాగుతుంది.

ఇవన్నీ బాగుంటే మిగిలేది పెట్రోలును గాలితో కలిపి ఇంజనుకు అందించే కార్బురేటరు. దాని అడుగున ఉండే చిన్న గిన్నెలో అక్టోబరు నాటి పెట్రోలు అలాగే నిలిచి ఉంటుంది. అందులోని తేలిక భాగం నెలలలో ఆవిరైపోయి, బరువు భాగం జిగురుగా మారుతుంది. అమెరికాలో మామూలుగా దొరికే పెట్రోలులో పది శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది కనుక పరిస్థితి మరింత త్వరగా విషమిస్తుంది. నేను చాలాసార్లు ఇలాంటి గిన్నెలను విప్పి చూశాను. విప్పగానే పెట్రోలు వాసన కాక, తలుపులకు వేసే పాత వార్నిష్ వాసన వస్తుంది. గోడలకు తేనె రంగు పొర అంటుకుని ఉంటుంది, గోటితో గీస్తే పెచ్చుగా లేస్తుంది. ఇంజను లోడు (ఏసీ వంటి వాటి భారం) లేకుండా నడిచేటప్పుడు పెట్రోలునిచ్చే సన్న రంధ్రం తలవెంట్రుకను దూర్చి చూడవలసినంత చిన్నది. ఆ పొరలో పిసరంత అడ్డుపడినా చాలు, మీరు చెప్పిన ఎగుడుదిగుడు రొద వస్తుంది. పెట్రోలు చాలక వేగం పడిపోవటం, వేగాన్ని నిలకడగా ఉంచే గవర్నరు అనే భాగం దానిని ఎగదోయటం, మళ్లీ పడిపోవటం, ఇదే ఆ రొద.

ట్యాంకులో కలిపే శుద్ధి ద్రావకాలు ఈ దశలో పెద్దగా పనిచేయవు, ఎందుకంటే మూసుకున్న రంధ్రం దాకా అవి చేరవు. కార్బురేటరును పూర్తిగా విప్పి, క్లీనరులో నానబెట్టి, గాలి కొట్టి, ప్రతి రంధ్రం గుండా వెలుతురు కనబడుతున్నదని నిర్ధారించుకుంటేనే శుభ్రమైనట్లు. రంధ్రాలలో తీగలు పొడవవద్దు, కొలత మారిపోతుంది. ఈ పనికి పట్టే కూలీని లెక్కవేసుకుని చాలామంది మెకానిక్‌లు కొత్త కార్బురేటరునే బిగిస్తారు, అది తప్పేమీ కాదు. చవకగా దొరికే నకలు భాగాల విషయంలో మాత్రం నా అభిప్రాయం కటువుగానే ఉంటుంది. సముద్రమట్టం నుండి ఎత్తును బట్టి సర్దే మీట, చోక్ అమరిక సరిగా కుదరని నకలు భాగాలు నా చేతికి వచ్చాయి. మీ జనరేటరు పలక మీద ఉన్న మోడల్ సంఖ్యనూ, దాని చివరన ఉండే స్పెక్ అక్షరాన్నీ చెప్పి, దానికి సరిపోయే భాగాన్నే అడగండి.

మెకానిక్‌తో మాట్లాడేటప్పుడు మూడు సంగతులు అడగండి. రెండంకెల కోడు ఎంత వచ్చింది? పంపు నుండి పెట్రోలు ధార ఎలా వస్తున్నదో గొట్టం విప్పి చూశారా? వేరే డబ్బాలోని తాజా పెట్రోలుతో నడిపి చూశారా? ఈ చివరి పరీక్ష ఎంతో విలువైనది. డబ్బా పెట్రోలుతో జనరేటరు చక్కగా నడిస్తే దోషం ట్యాంకులోనో గొట్టంలోనో ఉన్నట్లు, అప్పటికీ దగ్గితే కార్బురేటరులో ఉన్నట్లు. అరగంటలో తేలిపోయే ఈ విషయం తేల్చకుండా వందల డాలర్ల బోర్డుకు అంచనా రాసే చోట బండిని వదలవద్దు. బాగుచేసిన తరువాత ఊరికే స్టార్ట్ చేసి చూపిస్తే సరిపోదు. ఏసీ వేయించి, కనీసం అరగంట లోడు మీద నడిపించి, లోపలి ప్లగ్గులో వోల్టేజీ 120 దరిదాపుల్లోనూ, ఫ్రీక్వెన్సీ 60 హెర్ట్జ్ దరిదాపుల్లోనూ నిలకడగా ఉన్నాయని మీటరు పెట్టి చూపించమనండి.

వచ్చే శీతాకాలానికి ఇది మళ్లీ రాకుండా చూసుకోవటం మీ చేతిలోనే ఉంది. వాడని బావిలో నీళ్లు పాడైనట్లే నడవని జనరేటరులో పెట్రోలు పాడవుతుంది. నెలకు ఒకసారి రెండు గంటల పాటు, సగం లోడు మీద నడపాలని తయారీదారుల సూచన. మీ జనరేటరుకు సగం లోడంటే 2000 వాట్లు. ఏసీ ఒకటి వేసి, దానికి తోడు చిన్న గది హీటరును తక్కువ వేడిలో పెడితే దాదాపుగా సరిపోతుంది. అయిదు నిమిషాలు ఖాళీగా నడిపి ఆపేస్తే మేలు కంటె కీడే ఎక్కువ, ఎందుకంటే ఇంజను పూర్తిగా వేడెక్కక లోపలి తేమ లోపలే ఉండిపోతుంది. బండిని కప్పిపెట్టే ముందు ట్యాంకులో పెట్రోలు పాడవకుండా చూసే స్టెబిలైజరు ద్రావకం కలిపి, అది కార్బురేటరు దాకా చేరేటట్లు జనరేటరును కొంతసేపు నడపండి. చాలామంది కలపటం వరకు చేసి, నడపటం మరచిపోతారు. ఆయిలును 150 గంటలకు ఒకసారి, గంటలు అన్ని కాకపోయినా ఏడాదికి ఒకసారి మార్చండి.

ప్రశ్న: మా జనరేటరు కూడా 4000 వాట్లదే. మా ఊరిలో ఏసీ, ఇండక్షన్ పొయ్యి, రైస్ కుక్కర్ మూడూ కలిపి నడిపినా ఏ ఇబ్బందీ లేదు. గత వేసవిలో యెల్లోస్టోన్‌లో మాత్రం మూడూ వేయగానే మూలిగి ఆగిపోయేది. తిరిగి వచ్చాక చూపిస్తే ఏ లోపమూ లేదన్నారు. ఎందుకిలా అవుతుంది?
– ఒక పాఠకురాలు, నేపర్‌విల్, ఇల్లినాయ్

సమాధానం: మీ మెకానిక్ నిజమే చెప్పారమ్మా. మీ జనరేటరులో లోపం లేదు, అక్కడి గాలి పలుచన. మీరుండే చికాగో ప్రాంతం సముద్రమట్టానికి ఆరేడు వందల అడుగుల ఎత్తున ఉంటే, యెల్లోస్టోన్ సరస్సు 7,700 అడుగులకు పైన ఉంది. ఈ తరగతి జనరేటరు శక్తి, 500 అడుగులు దాటిన తరువాత ప్రతి వెయ్యి అడుగులకు సుమారు 3.5 శాతం తగ్గుతుంది. ఆ లెక్కన సరస్సు దగ్గర పావు వంతు పోయి, 4000 వాట్ల యంత్రం 3000 వాట్ల యంత్రమవుతుంది. ఇప్పుడు మీ వంటింటి లెక్క చూడండి. ఏసీకి సుమారు 1500, ఇండక్షన్ పొయ్యికి పూర్తి వేడిలో 1800, కుక్కరుకు 700 వాట్లు, వెరసి 4000. ఇంటి దగ్గర అంచున నిలబడి నడిచిన లోడు కొండ మీద మోయరానిదయింది. పైగా ఏసీ కంప్రెసరు మొదలయ్యే క్షణంలో నడిచేటప్పటి కంటె ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది.

అక్కడ ఒకదాని తరువాత ఒకటి వాడుకోండి. అన్నం వండేటప్పుడు ఏసీ ఆపండి, కుక్కరు దించాక పొయ్యి వేయండి. ఆ ఎత్తున సాయంత్రాలు ఎలాగూ చల్లగానే ఉంటాయి. కార్బురేటరు దగ్గర ఎత్తును బట్టి తిప్పే మీట మీ మోడల్‌కు ఉంటే, దానిని అక్కడి ఎత్తుకు సరిపడే అంకె మీద పెట్టండి. లేకపోతే పెట్రోలు ఎక్కువై ఇంజను నల్లపొగ వదులుతుంది. కానీ కిందికి దిగిన రోజునే ఆ మీటను మళ్లీ పాత అంకెకు తిప్పటం మరచిపోవద్దు. ఎత్తుకు సర్దిన మీటతో పల్లంలో పూర్తి లోడు లాగితే పెట్రోలు చాలక ఇంజను విపరీతంగా వేడెక్కి పాడవుతుంది. ఇది మరమ్మతుతో పోయే చిన్న నష్టం కాదు.

ఇంకొక మాట. జాతీయ పార్కుల క్యాంపు స్థలాలలో జనరేటరు నడపటానికి వేళలు ఉంటాయి. యెల్లోస్టోన్‌లో అనుమతి ఉన్న చోట్ల ఉదయం 8 నుండి రాత్రి 8 వరకే నడపాలి, కొన్ని చోట్ల అసలు నడపకూడదు. పెద్దవారు వెంట ఉంటే, బయటి కరెంటు, నీరు, మురుగు కనెక్షన్లు ఉన్న ఫిషింగ్ బ్రిడ్జి ఆర్వీ (మోటర్‌హోమ్) పార్కులో ముందుగా చోటు బుక్ చేసుకోవటం మంచిది.

ప్రశ్న: జనరేటరు చక్కగా నడుస్తున్నది, లోపల మాత్రం ఒక్క ప్లగ్గులోనూ కరెంటు లేదు. వైండింగు కాలిపోయిందా?
– ఒక పాఠకుడు, షార్లట్, నార్త్ కెరొలైనా

సమాధానం: ఆ భయం చివరికి పెట్టుకోండి. జనరేటరు ఒంటి మీదనే ఒక బ్రేకరు ఉంటుంది. ప్రయాణంలో కుదుపులకో, ఎవరి చేయో తగిలో అది పడిపోయి ఉండవచ్చు. పూర్తిగా కిందికి నొక్కి మళ్లీ పైకి ఎత్తండి. అది సరిగానే ఉంటే, స్టార్ట్ అయిన తరువాత అర నిమిషం ఆగి చూడండి, ఎందుకంటే కొన్ని బండ్లలో బయటి కరెంటు నుండి జనరేటరుకు మార్చే స్విచ్చు కావాలనే కొంత ఆలస్యంగా కలుపుతుంది. పాత బండ్లలో ఆ స్విచ్చే ఉండదు. బయటి కరెంటుకు తగిలించే లావుపాటి వైరు కొసను, అది చుట్టి ఉంచే అరలోనే ఉన్న జనరేటరు ప్లగ్గులో గుచ్చాలి. బండి కొత్తగా చేతికి వచ్చినవారు ఇది తెలియక వైండింగు దాకా విప్పించిన సందర్భాలు ఉన్నాయి. ఈ మూడూ చూశాక కూడా కరెంటు రాకపోతే, బ్రేకరు దగ్గర వోల్టేజీ కొలిచేందుకు మెకానిక్‌ను పిలవండి.

ప్రశ్న: షూటింగులకు క్యారవాన్లు అద్దెకు ఇస్తాను. ఒక బండిలోని 15 కేవీఏ డీజిల్ జనరేటరు సైలెన్సరు నుండి నల్లటి ఆయిలు లాంటిది కారుతున్నది, పొగ కూడా పెరిగింది. పిస్టన్ రింగులు పోయాయి, ఇంజను బోరు (సిలిండరు లోపల కోయించి సరిచేయటం) చేయించాలి అంటున్నారు. బండి ఎక్కువగా ఒక్క ఏసీ, అద్దం దగ్గరి దీపాల మీదనే రోజుకు పది పన్నెండు గంటలు నడుస్తుంది.
– ఒక పాఠకుడు, హైదరాబాదు

సమాధానం: మీ ఉత్తరంలోని చివరి వాక్యమే నాకు అన్నిటి కంటె ముఖ్యంగా కనిపించింది. 15 కేవీఏ అంటే 12 కిలోవాట్ల దాకా ఇవ్వగల యంత్రం. ఒక ఏసీ, కొన్ని దీపాలు కలిపి రెండు రెండున్నర కిలోవాట్లకు మించవు, అంటే అయిదో వంతు పని. డీజిల్ ఇంజను ఇంత తేలిక పని మీద గంటల తరబడి నడిస్తే సిలిండరు కావలసినంత వేడెక్కదు, రింగులు గోడకు గట్టిగా ఆనవు, డీజిల్ పూర్తిగా కాలదు. ఆ కాలని డీజిలు, మసి, ఆయిలు కలిసి సైలెన్సరు నుండి నల్లగా కారతాయి. చూసేవారికి అది రింగులు పోయిన ఇంజనులాగే కనబడుతుంది.

బోరు చేయించే ముందు సిలిండరులోని ఒత్తిడిని, అంటే కంప్రెషన్‌ను, కొలిపించండి. రోజుకు ఎంత ఆయిలు తగ్గుతున్నదో వారం రోజులు రాయించండి. ఆ రెండూ సరిగా ఉంటే, ముందు సైలెన్సరును విప్పించి లోపలి మడ్డిని తుడిపించి, ఆ తరువాత లోడును క్రమంగా పెంచుతూ, పూర్తి సామర్థ్యంలో డెబ్భై ఎనభై శాతం మీద కొన్ని గంటలు నడిపించండి. మడ్డి తీయకుండా ఒక్కసారిగా పూర్తి లోడు వేస్తే, పేరుకున్న ఆ మడ్డి సైలెన్సరులోనే అంటుకునే ప్రమాదం ఉంది కనుక తొందరపడవద్దు. మొదట్లో పొగ ఎక్కువగానే వచ్చి తరువాత పలుచబడితే ఇంజను బతికినట్లే. పొగ తగ్గక, ఆయిలూ తగ్గుతూ ఉంటే మీ మెకానిక్ మాటే నిజమని ఒప్పుకోవాలి. ఇంజెక్టర్లను ఈలోగా ఒకసారి పరీక్ష చేయించండి. బండికి ఇంతకంటె పెద్ద లోడు ఎప్పుడూ ఉండదనుకుంటే, తరువాతి బండికి చిన్న జనరేటరు కొనటమే డబ్బూ డీజిలూ ఆదా అయ్యే మార్గం. పెద్దది ఉంటే భద్రమన్న ఆలోచన డీజిల్ జనరేటర్ల విషయంలో చెల్లదు.

ప్రశ్న: రాత్రి జనరేటరు నడుపుకుని ఏసీలో పడుకున్నాము. తెల్లవారేసరికి మా అమ్మగారికి తలనొప్పి, వికారం. బయటికి వచ్చి కూర్చున్నాక తగ్గింది. ప్రయాణ బడలిక అనుకున్నాము. పొగగొట్టం కొద్దిగా తుప్పు పట్టి ఉంది, దానికి మరమ్మతు అవసరమా?
– ఒక పాఠకురాలు, ఆస్టిన్, టెక్సస్

సమాధానం: అమ్మా, దయచేసి ఆ జనరేటరును ఇక ఒక్క నిమిషం కూడా నడపవద్దు. బయటికి రాగానే తగ్గిన తలనొప్పీ వికారమూ జనరేటరు పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్ విషవాయువు సోకినప్పటి లక్షణాలు. మీ అమ్మగారిని డాక్టరుకు చూపించి, రాత్రి జనరేటరు నడిచిన సంగతి తప్పక చెప్పండి. ఆ వాయువుకు రంగూ వాసనా ఉండవు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కంటె రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. నిద్రలో ఉన్న మనిషికి మేలుకునే అవకాశం కూడా ఇవ్వదు. మీరందరూ ఉదయం లేచినందుకు నేను ఎంతగానో సంతోషిస్తున్నాను.

తుప్పు పట్టిన గొట్టానికి మాసిక వేయించటం కాదు, కొత్త గొట్టం వేయించాలి. ఇంజను నుండి కొస దాకా ప్రతి అతుకునూ, ప్రతి కొక్కేన్నీ చూడమనండి. గొట్టం కొస బండి అంచు దాటి బయటికి పొడుచుకు రావాలి. బండి కిందనే ఆగిపోతే పొగ నేల సందులలో నుండి లోపలికి చేరుతుంది. మడతలు పడే గొట్టాలను ఈ పనికి వాడనివ్వవద్దు, అవి కుదుపులకు చీలుతాయి. లోపల కార్బన్ మోనాక్సైడ్ హెచ్చరిక పరికరం ఉన్నదా, ఉంటే దాని వెనుక ముద్రించిన తేదీ ఏమిటి, చూడండి. వాటి ఆయుష్షు సాధారణంగా అయిదు నుండి ఏడేళ్లు. పరీక్ష బటన్ నొక్కితే మోగినంత మాత్రాన లోపలి సెన్సరు బతికి ఉన్నట్లు కాదు. వంటగ్యాసు లీకును పట్టే పరికరం వేరు, అది ఈ వాయువును గుర్తించదు. రెండూ ఉండాలి.

అన్నీ కొత్తవి వేయించిన తరువాత కూడా జనరేటరు నడుస్తూ ఉండగా ఎవరూ నిద్రపోకూడదు. గాలి లేని చోట, గోడ పక్కన, మరొక బండి పొగగొట్టానికి ఎదురుగా నిలిపినప్పుడు మీ బండి ఎంత బాగున్నా పొగ కిటికీల గుండా లోపలికి రావచ్చు. రాత్రి ఏసీ తప్పదనుకునే కాలంలో బయటి కరెంటు ఉన్న చోటే బస చేయండి.

ప్రశ్న: టెంపో ట్రావెలర్‌ను కుటుంబ ప్రయాణాలకు మోటర్‌హోమ్‌గా మార్పించుకుంటున్నాను. అమెరికాలో ఉన్న మా తమ్ముడు, పాత ఆర్వీ జనరేటరు ఒకటి చవకగా వస్తున్నదని, సామానుతో పాటు పంపుతానని అంటున్నాడు. ఇక్కడ మరమ్మతు చేయించి వాడుకోవచ్చా?
– ఒక పాఠకుడు, విజయవాడ

సమాధానం: వద్దని చెప్పండి. అది 120 వోల్టులు, 60 హెర్ట్జ్ ఇచ్చే యంత్రం. మన ఏసీ, ఫ్రిజ్, మిక్సీ అన్నీ 230 వోల్టులు, 50 హెర్ట్జ్ మీద నడిచేవి. ట్రాన్స్‌ఫార్మరు పెట్టి వోల్టేజీ పెంచినా ఫ్రీక్వెన్సీ మారదు. నిమిషానికి 3600 చుట్లు తిరిగే ఇంజనును 3000కు తగ్గిస్తే ఫ్రీక్వెన్సీ కుదురుతుంది గాని, శక్తి తగ్గిపోతుంది, దానికి తగినట్లు అమర్చని కంట్రోలు బోర్డు వేగం తగ్గిందంటూ యంత్రాన్ని ఆపేస్తుంది. రేపు ఒక బ్రష్షో కార్బురేటరో కావలసి వస్తే మళ్లీ తమ్ముడి వైపే చూడాలి. విజయవాడ ఆటోనగర్‌లో విడిభాగాలు దొరికే, అక్కడి మెకానిక్ చేయి తిరిగిన జనరేటరునే కొనండి. అమర్చేటప్పుడు దాని అరకూ మీరు పడుకునే గదికీ మధ్య గాలి చొరని రేకు గోడ కట్టించి, పొగగొట్టాన్ని బండి అంచు దాటించమని బాడీ కట్టేవారికి ముందే చెప్పండి.